క్వీన్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి? చార్టుల మాట వేరు, రికార్డుల మాట వేరు

బ్రిటన్‌లో ఇప్పటివరకు అన్నింటికన్నా ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ ఏది అని అడిగితే చాలామంది బీటిల్స్ పేరు చెబుతారు. కానీ ఆ ఘనత 1981లో వచ్చిన బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ సంకలనం ‘గ్రేటెస్ట్ హిట్స్’‌ది. 2022లో అది ఆ దేశంలో 70 లక్షల మార్కు దాటింది. అంతకుముందు ఏ ఆల్బమూ అంత దూరం వెళ్లలేదు. మరి అందులోని 17 పాటల్లో, సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, విడుదలైనప్పుడు బ్రిటిష్ వారపు అమ్మకాల చార్టులో మొదటి స్థానం అందుకున్నవి ఎన్ని? ఒకే ఒక్కటి, ‘బొహీమియన్ రాప్సొడీ’. మిగతావన్నీ రెండో స్థానంలోనో, ఏడులోనో, పదకొండులోనో ఆగిపోయినవే.

కొత్తగా క్వీన్ వినాలనుకునేవాళ్లు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. చార్టులో ఒక పాట ఎంత పైకి వెళ్లిందన్నది ఆ వారం పోటీలో ఎవరున్నారో చెబుతుంది. ఆ పాట ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పదు. ‘డోంట్ స్టాప్ మీ నౌ’ 1979లో బ్రిటన్‌లో 9వ స్థానంతో సరిపెట్టుకుంది, అమెరికాలో అయితే 86 దగ్గరే చతికిలబడింది. ఈరోజు ప్రకటనల్లో, పెళ్లి విందుల్లో, ఆటల మైదానాల్లో దాన్ని వినని దేశం అరుదు. ప్రధాన గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ బతికి ఉండగా బ్రిటన్‌లో క్వీన్‌కు మొదటి స్థానం తెచ్చిన సింగిల్స్ మూడే: 1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’, 1981లో గాయకుడు డేవిడ్ బౌవీతో కలిసి పాడిన ‘అండర్ ప్రెషర్’, 1991లో ‘ఇన్యుయెండో’. ‘కిల్లర్ క్వీన్’, ‘సమ్‌బడీ టు లవ్’, ‘వి ఆర్ ద ఛాంపియన్స్’, ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’, ‘రేడియో గా గా’ అన్నీ రెండో మెట్టు మీదే ఆగాయి.

కాబట్టి మొదటి స్థానం దక్కిందా లేదా అన్నది చూసి ఆల్బమ్ ఎంచుకోకండి. అలా ఎంచుకుంటే నా దృష్టిలో వాళ్ల ఉత్తమమైన రెండు రికార్డులూ మీ చేతికి రావు.

సంకలనం సరిపోతుందా?

సరిపోయేవాళ్లూ ఉన్నారు. కారులో వేసుకోవడానికి, ఇంట్లో నలుగురూ కలిసి వినడానికి కావాలనుకుంటే ‘గ్రేటెస్ట్ హిట్స్’ చాలు. 1991 అక్టోబరులో వచ్చిన రెండో సంకలనంలోనూ 17 పాటలే. మొదటిది గిటారు, పియానో, గొంతుల మీద నడిచే డెబ్బైల క్వీన్. రెండోది సింథసైజర్లు, పెద్ద మైదానాలు, వీడియోల కాలపు ఎనభైల క్వీన్. ఒక్కటే తీసుకోవాలంటే మొదటిదే తీసుకోండి, ఇందులో నాకు సందేహం లేదు. రెండోదానిలో ‘అండర్ ప్రెషర్’, ‘ద షో మస్ట్ గో ఆన్’, ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’ లాంటి గొప్ప పాటల మధ్య, సింగిల్‌గా వచ్చాయి కాబట్టి చోటు దక్కించుకున్నవీ కొన్ని ఉన్నాయి. 1999లో వచ్చిన మూడో సంకలనం ఎక్కువగా విడివిడి పాటలు, ఇతర గాయకులతో కలిసి చేసినవి. అభిమానులకు తప్ప మిగతావారికి అవసరం లేదు. మూడింటినీ కలిపి 2000లో ‘ప్లాటినమ్ కలెక్షన్’ పేరుతో అమ్మారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు పాత సీడీల దుకాణంలో ‘గ్రేటెస్ట్ హిట్స్’ కనిపిస్తే వెనక అట్ట చూసి కొనాలి. 1981లో అక్కడ విడుదలైన కూర్పు బ్రిటిష్ కూర్పు లాంటిది కాదు. అక్కడి హిట్లు వేరు కాబట్టి జాబితా మార్చారు, ‘అండర్ ప్రెషర్’ అందులోనే ఉంది. 1992లో మళ్లీ పాటలు అటూ ఇటూ చేశారు. పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరు.

సంకలనంతో అసలు ఇబ్బంది వేరే ఉంది. పెళ్లి భోజనంలో మిఠాయిలు మాత్రమే ఏరుకుని తిన్నట్టు, వరసగా పదిహేడు హిట్లు వింటే ఏదీ ప్రత్యేకంగా నాలుకకు తగలదు. క్వీన్ ఒక పాటలో నుంచి మరో పాటలోకి జారిపోయే బృందం. గట్టి రాక్ పాట పక్కన నాటకశాల పాట, దాని పక్కన నిమిషమున్నర లాలిపాట పెట్టి వినేవాళ్లను ఆడించే బృందం. ఆ ఆట సంకలనంలో కనిపించదు. సింగిల్‌గా రాని ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ స్టూడియో రూపం, ‘ద ప్రాఫెట్స్ సాంగ్’, ‘ద మార్చ్ ఆఫ్ ద బ్లాక్ క్వీన్’ లాంటివి అక్కడ అసలే దొరకవు.

మీకు ‘వి విల్ రాక్ యు’, ‘బొహీమియన్ రాప్సొడీ’ ఇప్పటికే తెలుసు అనుకుంటే, సంకలనాన్ని పక్కన పెట్టి నేరుగా ఆల్బమ్ దగ్గరికి వెళ్లమనే నా సలహా.

మూడు ఆల్బమ్‌ల మధ్య పోటీ

స్టూడియో ఆల్బమ్‌లు మొత్తం 15. మెర్క్యురీ మరణం తర్వాత 1995లో వచ్చిన ‘మేడ్ ఇన్ హెవెన్’తో సహా ఏడు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరాయి. తొలి ఆల్బమ్‌గా వినడానికి నిజంగా పోటీ పడేవి మాత్రం మూడే, అవీ 1974, 1975ల్లో ఇరవై నెలల వ్యవధిలో వచ్చినవే: ‘క్వీన్ 2’, ‘షీర్ హార్ట్ అటాక్’, ‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’. బ్రిటిష్ చార్టులో వాటి స్థానాలు వరసగా 5, 2, 1. అమెరికాలో 49, 12, 4. అంకెలు చూస్తే ‘ఒపెరా’కే ఓటు వేయాలి. నా ఓటు ‘షీర్ హార్ట్ అటాక్’కు.

దాని వెనక కథ కొంచెం చెప్పాలి. 1974లో మాట్ ద హూపుల్ అనే బృందంతో కలిసి అమెరికా పర్యటనలో ఉండగా గిటారిస్టు బ్రయాన్ మేకు కామెర్ల జబ్బు సోకి, పర్యటన సగంలోనే ఆగిపోయింది. ఇంటికొచ్చి కోలుకుంటుండగానే పేగులో పుండు. మిగతా ముగ్గురూ అతను లేకుండానే రికార్డింగ్ మొదలుపెట్టి, అతని గిటారు కోసం పాటల్లో చోటు వదిలిపెట్టారు. లేచి వచ్చాక ఆ ఖాళీలను అతను పూరించాడు. బహుశా అందుకేనేమో, ఈ రికార్డులో ఏదీ అనవసరంగా సాగదు. పదమూడు పాటలు 39 నిమిషాల్లో అయిపోతాయి.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘కిల్లర్ క్వీన్’ వినండి. ముందు చిటికెలు. తర్వాత పియానో, దాని మీద మెర్క్యురీ గొంతు దాదాపు కబుర్లు చెబుతున్నట్టు. పల్లవి దగ్గర గొంతులు మూడు నాలుగు పొరలుగా లేచి, వెంటనే తగ్గిపోతాయి. గిటారు సోలో వచ్చేసరికి ఒక గిటారు మొదలుపెట్టిన వాక్యాన్ని రెండోది అందుకుంటుంది, మూడోది ముగిస్తుంది. మూడు నిమిషాల పాటలో ఇంత పనితనం. తర్వాత ‘నౌ ఐయామ్ హియర్’ పెట్టండి. “ఇక్కడున్నాను” అన్న గొంతు ఒక చెవిలో, “అక్కడున్నాను” అన్నది మరో చెవిలో. ఫోను స్పీకరులో వింటే ఈ సరదా మొత్తం పోతుంది.

నలుగురి పనితనమూ విడివిడిగా వినిపించే తొలి రికార్డు కూడా ఇదే. డ్రమ్మర్ రోజర్ టేలర్ ‘టెనెమెంట్ ఫన్‌స్టర్’ పాడతాడు. అది ఆగకుండా మెర్క్యురీ పాటలోకి, అక్కడి నుంచి ‘లిలీ ఆఫ్ ద వ్యాలీ’లోకి ప్రవహిస్తుంది. బేస్ గిటారిస్టు జాన్ డీకన్ తొలి రచన ‘మిస్‌ఫైర్’ ఇక్కడే ఉంది. ‘స్టోన్ కోల్డ్ క్రేజీ’ నలుగురి పేరా వచ్చింది. దాన్నే తర్వాత మెటల్ బృందం మెటాలికా వాయించి గ్రామీ అందుకుంది. మరి ‘షీర్ హార్ట్ అటాక్’ అనే పాట ఏది అని వెతకకండి, ఈ ఆల్బమ్‌లో లేదు. ఆ పాట మూడేళ్ల తర్వాత ‘న్యూస్ ఆఫ్ ద వరల్డ్’లో ప్రత్యక్షమైంది.

‘ఎ నైట్ ఎట్ ది ఒపెరా’ ఇంతకన్నా పెద్ద రికార్డు, గొప్ప రికార్డు కూడా కావచ్చు. ‘బొహీమియన్ రాప్సొడీ’ అందులో చివరి నుంచి రెండోది. ఐదు నిమిషాల 55 సెకన్ల ఈ పాటను 1975 ఆగస్టులో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో మొదలుపెట్టారు. మధ్యలో వచ్చే ఒపెరా భాగానికి మెర్క్యురీ, మే, టేలర్ ముగ్గురే గొంతుల మీద గొంతులు పేర్చుకుంటూ పోయారు. ఒకే టేపును అన్నిసార్లు తిప్పడంతో దాని మీద పూత అరిగి, వెలుతురుకు పెడితే అవతల వైపు కనిపించేదని మే తర్వాత చెప్పాడు. ఇంత పొడవైన పాటను రేడియోలు వెయ్యవని పెద్దలు వాదిస్తుంటే, లండన్ క్యాపిటల్ రేడియోలో కెన్నీ ఎవరెట్ ఒక్క వారాంతంలో పద్నాలుగుసార్లు వేశాడు. ఆ తర్వాత తొమ్మిది వారాలు మొదటి స్థానం. దాన్ని గద్దె దింపిన పాట ఏదో తెలుసా? అబ్బా బృందం ‘మమ్మా మియా’. సాక్షాత్తూ ‘రాప్సొడీ’ ఒపెరా భాగంలో మెర్క్యురీ పాడే మాటే అది.

ఆ సింగిల్ రెండో వైపున ఉన్నది టేలర్ రాసిన ‘ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్’. రికార్డు అమ్ముడైన ప్రతిసారీ రెండు వైపుల రచయితలకూ సమానంగా డబ్బు వస్తుంది. ప్రపంచమంతా మెర్క్యురీ పాట కోసం కొంటే, కారు పాట రాసిన టేలర్‌కూ అంతే ముట్టింది. దీని మీద బృందంలో చాలాకాలం గుర్రు ఉండేది. చివరికి 1989 ‘ద మిరకిల్’ నుంచి ఎవరు రాసినా నలుగురి పేరూ వేసుకోవడంతో ఆ తగవు తీరింది.

‘ఒపెరా’ను మొదట వినవద్దని ఎందుకంటున్నానంటే, దాని సరదా రెండో చూపులో ఉంది. ‘గుడ్ కంపెనీ’లో వినిపించే జాజ్ బ్యాండు మొత్తం మే ఒక్కడి గిటారే. ఆ గిటారూ అతనూ తండ్రీ కలిసి ఇంట్లో పాత పొగగూటి చెక్కతో చేసుకున్నది. ‘థర్టీ నైన్’ వినడానికి జానపదంలా ఉంటుంది. అసలు కథ అంతరిక్షంలోకి వెళ్లి ఏడాదిలో తిరిగొచ్చేసరికి భూమ్మీద తరాలు మారిపోయిన ప్రయాణికులది. దాన్ని రాసిన మే తర్వాత 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పూర్తి చేశాడు. ఇవన్నీ రుచించాలంటే ముందు ఈ బృందం మామూలుగా ఎలా వాయిస్తుందో చెవికి తెలియాలి. ‘షీర్ హార్ట్ అటాక్’ ఆ పని చేసిపెడుతుంది.

ఇక ‘క్వీన్ 2’. దీనికి వైపు ఒకటి, వైపు రెండు అని ఉండవు. తెల్ల వైపు, నల్ల వైపు అని ఉంటాయి. తెల్లది దాదాపు మే సొంతం, నల్లది పూర్తిగా మెర్క్యురీది. దేవకన్యలు, రాక్షసులు, రాణులు, కోటలు. పాటకూ పాటకూ మధ్య విరామం లేదు. 1974 ఫిబ్రవరిలో టీవీ కార్యక్రమం ‘టాప్ ఆఫ్ ద పాప్స్’లో బౌవీ వీడియో అందక ఖాళీ ఏర్పడితే, ఆ చోటు దక్కించుకుని ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ వినిపించారు. పాట 10వ స్థానం దాకా వెళ్లింది, వాళ్ల తొలి హిట్ అదే. ప్రోగ్రెసివ్ రాక్, హెవీ మెటల్ ఇప్పటికే వినే అలవాటున్నవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు, వాళ్లకు నా వరస వర్తించదు. మిగతావాళ్లకు ఇది మూడోదిగా రావాలి, లేకపోతే తల తిరుగుతుంది.

డెబ్బైల చివర నుంచి

‘ఎ డే ఎట్ ద రేసెస్’ 1976లో వచ్చి మొదటి స్థానానికి వెళ్లింది. ‘సమ్‌బడీ టు లవ్’ ఒక్కటి చాలు దానికి. మొత్తంగా చూస్తే ‘ఒపెరా’కు రెండో ప్రతిలా ఉంటుంది.

1977లో పంక్ సంగీతం ఇంగ్లండ్‌ను ఊపేస్తుంటే క్వీన్ అలంకారాలు తగ్గించి ‘న్యూస్ ఆఫ్ ద వరల్డ్’ చేసింది. బ్రిటన్‌లో 4, అమెరికాలో 3. ‘వి విల్ రాక్ యు’లో చివరి గిటారు తప్ప వాయిద్యమే లేదు. స్టూడియోలో కాళ్లతో నేలను తన్ని, చప్పట్లు కొట్టి, దాన్నే పదేపదే పొరలుగా కలిపి జనసమూహం చప్పుడు తెప్పించారు. సింగిల్‌గా అది ‘వి ఆర్ ద ఛాంపియన్స్’కు రెండో వైపు మాత్రమే. గట్టిగా, నేరుగా వాయించే క్వీన్ కావాలంటే ఈ ఆల్బమ్ మంచి ఎంపిక. తర్వాతి ‘జాజ్’లో చక్కటి సింగిల్స్ ఉన్నా ఆల్బమ్‌గా అతుకుల బొంత.

అమెరికా చార్టును నమ్మేవాళ్లకు సమాధానం 1980 నాటి ‘ద గేమ్’. అక్కడ క్వీన్‌కు మొదటి స్థానం తెచ్చిన ఏకైక స్టూడియో ఆల్బమ్ అదే, అక్కడ మొదటి స్థానానికి వెళ్లిన రెండు సింగిల్స్‌కూ ఇల్లు అదే. డీకన్ రాసిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ బ్రిటన్‌లో ఏడులో ఆగింది, అమెరికాలో అగ్రస్థానంలో కూర్చుంది. “సింథసైజర్లు వాడలేదు” అని అట్టల మీద గర్వంగా రాసుకున్న బృందం మొదటిసారి సింథసైజర్ వాడిందీ ఇందులోనే. నాట్యం చేయించే పాటలు ఇష్టమైనవాళ్లకు ఇదే సరైన తలుపు. అదే దారిలో మరీ ముందుకెళ్లిన ‘హాట్ స్పేస్’ బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది గానీ, ‘అండర్ ప్రెషర్’ తీసేస్తే అందులో మళ్లీ వినాలనిపించేది తక్కువ. ‘ఫ్లాష్ గోర్డన్’ సినిమా నేపథ్య సంగీతం, వదిలేయండి.

ఎనభైల్లో బ్రిటన్ ఒకవైపు, అమెరికా మరోవైపు. ‘ఎ కైండ్ ఆఫ్ మ్యాజిక్’ 1986లో బ్రిటన్‌లో 1, అమెరికాలో 46. ‘ద వర్క్స్’ 2, 23. ఈ కాలానికి రెండో సంకలనం చాలు అనుకోవచ్చు, ఒక్క ‘ఇన్యుయెండో’ తప్ప. 1991 ఫిబ్రవరిలో వచ్చిన ఆ ఆల్బమ్‌ను తాను ఎక్కువకాలం బతకనని తెలిసిన మెర్క్యురీ పాడాడు. ఆరున్నర నిమిషాల శీర్షిక గీతంలో యెస్ బృందం గిటారిస్టు స్టీవ్ హో స్పానిష్ గిటారు వాయించాడు. ‘ద షో మస్ట్ గో ఆన్’ సింగిల్‌గా 16వ స్థానమే చూసింది. నవంబరు 24న మెర్క్యురీ మరణించాక ‘బొహీమియన్ రాప్సొడీ’ మళ్లీ విడుదలై మరో ఐదు వారాలు అగ్రస్థానంలో ఉంది. 1975లోనూ 1991లోనూ క్రిస్మస్ నాటి నంబర్ వన్ అదే.

మెర్క్యురీ పార్సీ కుటుంబంలో ఫరూఖ్ బుల్సారాగా జాంజిబార్‌లో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో బడికి వెళ్లి, అక్కడే ‘హెక్టిక్స్’ అనే బడిపిల్లల బృందంలో పియానో వాయించిన సంగతి మనవాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. అయితే అందుకోసం పాటల్లో హిందుస్థానీ ఛాయలు వెతికితే నిరాశే.

ప్రత్యక్ష కచేరీలు, కూర్పులు

కచేరీ రికార్డుల్లో అందరూ చెప్పేది 1986లో లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగినది. జనం హోరు కోసం అది బాగుంటుంది. వాయింపు కోసం అయితే 1981లో రికార్డయి 2007లో విడుదలైన ‘క్వీన్ రాక్ మాంట్రియల్’ మేలు: వేదిక మీద నలుగురే, అదనపు వాయిద్యకారుడు లేడు. మొదటి మూడు ఆల్బమ్‌లు నచ్చినవాళ్లకు 1974 ‘రెయిన్‌బో’ కచేరీ విందు. 1985 నాటి సహాయార్థ కచేరీ లైవ్ ఎయిడ్‌లోని ప్రసిద్ధమైన ఇరవై నిమిషాలు, 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా పాటల ఆల్బమ్‌లో చాలావరకు దొరుకుతాయి. 1986 చివర్లో హడావిడిగా తెచ్చిన ‘లైవ్ మ్యాజిక్’ మూడో స్థానానికి వెళ్లింది, కానీ పాటలను మధ్యలో కోసేశారు. ‘రాప్సొడీ’లో ఒపెరా భాగమే లేదు. దాన్ని కొనకండి.

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు 2011 రీమాస్టర్లు (ధ్వనిని మెరుగుపరిచిన కూర్పులు) ఎంచుకుంటే ఇబ్బంది లేదు. కాకపోతే షఫుల్ తప్పనిసరిగా ఆపేయాలి, ముఖ్యంగా ‘క్వీన్ 2’కు. అదనపు పాటలతో వచ్చే పెద్ద కూర్పుల్లో, అసలు ఆల్బమ్ ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఆపండి. ‘ఒపెరా’ బ్రిటిష్ జాతీయగీతం గిటారు రూపంతో ముగుస్తుంది, ఆ తర్వాతవి వేరే రోజు వినవచ్చు.

1973 నాటి తొలి ఆల్బమ్‌ది మాత్రం వేరే సంగతి. ట్రైడెంట్ స్టూడియోలో ఇతరులు వాడని వేళల్లో ముక్కలుముక్కలుగా రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌లో డ్రమ్ముల మోత పొడిగా ఉంటుంది. బృందానికే ఎప్పుడూ తృప్తి లేదు. 2024లో దాన్ని మళ్లీ మిక్స్ చేసి, అప్పట్లో తీసేసిన ‘మ్యాడ్ ద స్వైన్’ను తిరిగి చేర్చి, ‘క్వీన్ 1’ పేరుతో విడుదల చేశారు. పాత రికార్డులను కొత్తగా మార్చడం నాకు సాధారణంగా నచ్చదు, కానీ ఈ ఒక్క ఆల్బమ్‌కు కొత్త కూర్పే వినండి.